మా వదిన సర్దిన రాళ్లు

మా వదిన పట్టుపట్టిందంటే ఉడుంపట్టే. ఇది ఆడపడుచుతనం కొద్దీ నేనంటున్న మాట కాదు. ముప్ఫై ఏళ్లుగా ఆవిడతో కాపురం చేస్తున్న మా అన్నయ్యని అడిగినా ఇదే చెబుతాడు, కాకపోతే అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెబుతాడు.

ఆవిడ కాలేజీలో అటెండరు. చదివింది ఐదో తరగతి. పంతొమ్మిదేళ్లుగా ఖనిజాల గది తాళం ఆవిడ కొంగునే ఉంది. పొడుగాటి గది, రెండు కిటికీలు, గోడల వెంబడి చెక్క అరలు, అరల్లో గళ్లు, గడికో రాయి. మొత్తం రెండువందల పద్నాలుగు. వారానికోసారి ఒక్కో రాయినీ తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, తీసినచోటే పెట్టేది. పిల్లలకి పాత మాస్టారు పాఠం చెబుతుంటే అడిగిన రాయి అందిస్తూ వెనకాల నిలబడేది. ఉక్కులా నల్లగా ఉన్న ఇనుప ముడిరాయిని గరుకు పెంకు మీద గీస్తే ఎర్ర గీత పడుతుందనీ, బంగారంలా తళతళలాడేది గీస్తే నల్లగా పడి తన మోసం తనే బయటపెట్టుకుంటుందనీ అలా నిలబడే నేర్చుకుంది. ఇంట్లో భోజనాల దగ్గరా ఇవే కబుర్లు. అన్నంలో రాయి తగిలిందని ఎవరైనా మొహం చిట్లిస్తే, "ఇలా తే, ఏం రాయో చూద్దాం" అనే మనిషి.

పాత మాస్టారు రెండేళ్ల కిందట పోయారు. ఆయన స్థానంలో వచ్చిన కుర్ర మాస్టారు ఇంకో రెండు కాలేజీల్లో కూడా చెబుతాడు, ఇక్కడికి వారానికి రెండుసార్లు వస్తాడు. ఇంతలో వదినకి జ్వరం వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. సరిగ్గా ఆ పది రోజుల్లోనే కాలేజీకి సున్నాలు వేయించారు.

గదికి సున్నం వెయ్యాలంటే అరలు ఖాళీ చెయ్యాలి. రాళ్లన్నీ గోనె సంచుల్లో పోసి వరండాలో పెట్టారు. అరలకి కూడా రంగు వేశారు కాబట్టి పాత చీటీలు పోయాయి. ఆఫీసు సూపరింటెండెంటుగారు మహా చురుకైన మనిషి. రిజిస్టరు తెరిపించి, కొత్త చీటీలు టైపు చేయించి, వరసగా గళ్ల కింద అంటించారు. సంచులు విప్పించి గడికో రాయి పెట్టించారు. చేతికి ఏది వస్తే అది. చీటీలు రెండువందల పద్నాలుగు, రాళ్లు రెండువందల పద్నాలుగు. లెక్క సరిపోయింది, సంతకం పెట్టేశారు.

జ్వరం తగ్గి వెళ్లిన రోజున వదిన ఆ గది చూసి కుర్చీలో కూలబడిపోయిందట. గంధకం అని రాసిన చోట గులాబీ రంగు పలుగురాయి. అభ్రకం అన్నచోట సీసపు ముడిరాయి. నల్లసీసం చోట తెల్లటి ముగ్గురాయి, అదీ గడిలో పట్టక సగం బయటికి వేలాడుతూ. తొమ్మిది రోజుల్లో పిల్లలకి ప్రాక్టికల్ పరీక్ష. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు గడిలోంచి రాయి తీసి ఇదేమిటని అడుగుతాడు, కింద చీటీ చూసి మార్కులు వేస్తాడు. నిజం చెప్పిన పిల్ల తప్పుతుంది.

మందుల షాపులో పనిచేసేదాన్ని కాబట్టి నాకు ఒళ్లు మండింది. మా దగ్గర ఇలా సీసాలు సర్దితే జైల్లో పెడతారు. వదినకి మాత్రం కోపం రాలేదు. తిన్నగా ఆఫీసుకి వెళ్లింది.

"సార్, రాళ్లు మారిపోయాయి సార్."

"ఎన్ని తగ్గాయి?" అన్నారాయన.

"తగ్గలేదు సార్. ఒకదాని చోట ఒకటి..."

"తగ్గలేదు కదా! ఇంక గొడవేమిటి? చూడమ్మా, నీ పని దుమ్ము దులపటం. చీటీలు ఆఫీసు వ్యవహారం. వాటి మీద చెయ్యి వేశావంటే తాళం తీసుకుని గేటు దగ్గర కూర్చోబెడతాను."

కుర్ర మాస్టారి దగ్గరికి వెళితే ఆయన ఇంకా ఘనుడు. "నిజమే, మారాయి. కానీ నాది టెంపరరీ ఉద్యోగం. నన్ను ఇరికించకమ్మా" అని చేతులు జోడించాడు.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది. తరవాత అంది: "చీటీలు ముట్టుకోవద్దన్నాడే. రాళ్లు ముట్టుకోవద్దనలేదు. దుమ్ము దులపాలంటే రాయి తియ్యాలిగా? తీసింది ఎక్కడ పెట్టాలో నాకు తెలీదా?"

"తాళం లాక్కుంటాడు వదినా."

"లాక్కోనీ. పరీక్షయ్యాక లాక్కోనీ."

మర్నాటి నుంచి ఏడింటికే కాలేజీలో ఉండేది. మొదటి రెండు రోజుల్లో నూటపాతిక రాళ్లు కళ్లు మూసుకుని సర్దేసింది. మూసుకుని అంటే నిజంగానే. కొన్నింటిని బరువుతో, కొన్నింటిని వేళ్లకి అంటే మసితో గుర్తుపట్టేది. తరవాతవి అంత తేలిగ్గా లొంగలేదు. గోటితో గీసేది, రాగి నాణెంతో గీసేది, చాకుతో గీసేది. మా ఇంట్లోంచి నిమ్మకాయలు పట్టుకుపోయి రసం చుక్క వేసి బుసబుస పొంగుతుందా లేదా అని చూసేది. మా అన్నయ్య రేడియో విప్పి అందులో అయస్కాంతం కూడా పట్టుకుపోయింది. ఆయన ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంటాడు.

రిజిస్టరులో పేరు పక్కన ఇంకో గడి ఉంది: ఎక్కడ దొరుకుతుంది. ఆవిడకి అసలు సాయం అదే చేసింది. రాయికి వెనకాల తల్లిరాయి ముక్క కాస్త అంటుకుని ఉంటుంది. నల్లరాతి బుడగల్లో పుట్టిందని రాసుంటే, వెనక నల్లరాయి అంటుకున్నదే అది. బంకమట్టిలో దొరికేదానికి మట్టి చారలు పోవు. రాగి గనుల పైపొరల్లో దొరికే పచ్చరాయి పక్కన రాగి ఛాయ ఉంటుంది. "ఎంత తుడిచినా పుట్టిల్లు పోదే" అని నాతో అంది, నా వైపే చూస్తూ. దెప్పిపొడుపో, పాఠమో తేల్చుకోలేకపోయాను.

శనివారానికి రెండే మిగిలాయి. రెండూ తెల్లటివే, ఒక ముక్కకీ తల్లిరాయి లేదు. పేర్లూ రెండే మిగిలాయి: డోలమైట్, మాగ్నసైట్. ఎప్పుడూ కింది అరలో ఉండేవి, పాత మాస్టారు ఒక్కసారి కూడా పాఠంలోకి తియ్యలేదు. రెండూ చాకుకి గీత పడ్డాయి, రెండూ నిమ్మరసానికి చలించలేదు.

"ఏదో ఒకటి పెట్టెయ్ వదినా. సగం అవకాశం ఉంది కదా" అన్నాను.

"నీ షాపులో రెండు తెల్లమాత్రలు మిగిలితే అలాగే ఇస్తావా?"



మాగ్నసైట్ తవ్వే చోటు బస్సులో మూడు గంటల దూరంలో ఉందని కుర్ర మాస్టారిని అడిగి కనుక్కుంది. ఆదివారం పొద్దున్నే నన్నూ బయల్దేరదీసింది. కాలికి బలపం కట్టుకుని తిరిగే ఓపిక నాకు లేదు మొర్రో అన్నా వినలేదు. రెండు రాళ్లనీ సంచిలో వేసుకుంది. తాళం పోగొట్టుకోవటానికి ఇంకో కారణం.

క్వారీ గుంట అంచున నిలబడి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. ముదురాకుపచ్చ, దాదాపు నల్లటి రాయి. దాని నిండా తెల్లటి చారలు అడ్డదిడ్డంగా అల్లుకుపోయి ఉన్నాయి. కొన్నిచోట్ల చార లావెక్కి కాలీఫ్లవర్ గడ్డలా ఉబ్బింది. సుత్తితో కొట్టి తెల్లదాన్ని వేరుచేస్తున్న ఒకావిడ మమ్మల్ని చూసి నవ్వింది. వదిన తన రాళ్లు రెండూ ఆవిడ ముందు పెట్టి, "అక్కా, వీటిలో మీది ఏది?" అంది.

ఆవిడ చేతిలోకి కూడా తీసుకోలేదు. "నాలిక మీద పెట్టుకుని చూడు. మాదయితే పట్టుకుంటుంది."

నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. వదిన మొదటి రాయి చెంగుతో తుడిచి నాలికకి ఆనించింది. ఏమీ కాలేదు. రెండోది ఆనించింది. తియ్యబోతే నాలికతో పాటు వచ్చింది. ఆ నాలుక అలాగే బయటపెట్టి, కళ్లతోనే నవ్వుతూ నాకేసి తిరిగింది. అప్పుడే తవ్విన ముక్క ఇంకొకటి అడిగి దానికీ అలాగే చేసి చూసుకుంది. అదీ పట్టుకుంది. ఎండలో నడిచి నడిచి నాకు కాళ్లు బొబ్బలెక్కాయి గానీ, ఆ క్షణాన ఆవిణ్ణి చూసి నాకు గర్వమనిపించింది. పైకి మాత్రం "కొండని తవ్వి ఎలకని పట్టావు" అన్నాను.

సోమవారం పొద్దున ఆఖరి రెండు రాళ్లూ వాటి గళ్లలో పెట్టింది. అక్కడితో ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. చీటీలు ఉన్నచోటే ఉన్నాయి, రాళ్లు లెక్కకి ఉన్నాయి. సూపరింటెండెంటుగారు ఎంతసేపు చూసినా తేడా పట్టలేరు. ఈవిడే తిన్నగా వెళ్లి, "రాళ్లు సరిచేశాను సార్" అని చెప్పేసింది.

"నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?" అని మండిపడ్డాను.

"మళ్లీ సున్నాలు వేస్తారు కదే. మళ్లీ సంచుల్లో పోస్తారు. ఎందుకు పొయ్యకూడదో ఆయనకి తెలియొద్దూ?"

బుధవారం పరీక్ష జరిగింది. పదహారుమంది పిల్లలూ గట్టెక్కారు. వెళుతూ వెళుతూ ఎగ్జామినరు ప్రిన్సిపాల్‌తో, "మీ దగ్గర నమూనాలు పద్ధతిగా ఉన్నాయండీ. చాలాచోట్ల చీటీ ఒకటి, రాయి ఒకటి" అన్నాడట. ఆ సాయంత్రమే వదిన చేతికి మెమో వచ్చింది. ఆఫీసు ఏర్పాటు చేసిన రెండువందల పద్నాలుగు నమూనాలనూ అనుమతి లేకుండా తారుమారు చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలి, తాళం అప్పగించాలి.

క్షమించమని వేడుకుంటూ నేనొక ఉత్తరం రాసిపెట్టాను. చాలా బాగా రాశాను కూడా. ఆవిడ చదివి, మడిచి, పక్కన పెట్టి, తన గుండ్రటి అక్షరాలతో తనే రాసుకుంది: "చీటీలు ముట్టుకోలేదు. రాళ్లు తారుమారు చెయ్యలేదు, తారుమారైనవి సరిచేశాను. రెండువందల పద్నాలుగు కాదు, రెండువందల పదకొండు. మూడు సరిగ్గానే ఉన్నాయి, వాటిని కదపలేదు." దాని మీద తాళంచెవి పెట్టి ఇచ్చింది.

ప్రిన్సిపాల్ ఆ కాగితం రెండుసార్లు చదివారట. సూపరింటెండెంటుని పిలిచి, "ఏమయ్యా, ఆ మూడూ ఏవి?" అన్నారట. ఆయన రిజిస్టరు తిప్పారు. మళ్లీ తిప్పారు. చెమట తుడుచుకున్నారు. చివరికి వదినే చెప్పవలసి వచ్చింది: జిప్సం, రాతినార, తెల్ల పలుగురాయి. ముగ్గురూ వెళ్లి చూసుకున్నారు.

తాళం తిరిగి ఆవిడ కొంగుకే వచ్చింది. ఆవిడ లేకుండా ఆ గదిలో రాయి కదపరాదని ఉత్తర్వు కూడా వచ్చింది. అయితే చెప్పిన మాట వినకపోవటం తప్పు తప్పేనట, ఆఫీసు మర్యాద నిలవాలట. కాబట్టి సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో ఎక్కించారు: అనుమతి లేకుండా నమూనాలు కదిపినందుకు మందలింపు. సంతకం పెట్టమని పుస్తకం ముందుకి తోస్తే, వదిన కళ్లజోడు పెట్టుకుని, ఆ ఎర్ర అక్షరాల మీద వేలు ఆనించి, ఎన్ని నమూనాలని రాశారో వెతుక్కుంది. రెండువందల పదకొండు అనే ఉంది. సంతకం పెట్టింది.