రెండు భోజనాలు, మధ్యలో ఒక ఫలహారం

మా వంటశాలలో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాళ్ళు లేరు. విమానాలకు భోజనాలు సర్ది పంపే చోటు అది. గంటన్నర ప్రయాణమైతే ఒక ఫలహారం. సముద్రం అవతలి ఆ నగరానికైతే రెండు భోజనాలు, మధ్యలో ఒక ఫలహారం. తొమ్మిది వేల ఆరువందల కిలోమీటర్లని, పన్నెండు గంటలని కాగితం మీద ఉంటుంది గానీ మాకు ట్రేల లెక్కే లెక్క.

ఆ విమానానికి ప్రత్యేక భోజనాలు చేసేది మా చప్పిడమ్మ. ఉప్పు లేనివి, నూనె లేనివి, పాలు పడనివాళ్ళవి పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఒక్కతే చేస్తోంది. ఆ పేరు మేం పెట్టిందే. పిలిస్తే నవ్వేది. వాళ్ళక్క ఉండేది సముద్రం అవతలి ఆ నగరంలోనే. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా ఈవిడ కదిలితేనా! ఏటికేడాది సెలవులు మురిగిపోయేవి. ఆ మొండితనం చూస్తే నాకే ఒళ్ళు మండేది.

చివరికి అక్కే వచ్చింది. వారం రోజులు ఇద్దరూ బాగానే ఉన్నారు. వెళ్ళే ముందురోజు పొద్దున మాటా మాటా పెరిగింది.

"పన్నెండు గంటల దారి. నీకు రావాలని లేదు, అంతే," అంది అక్క.

"లేదు. నువ్వూ మళ్ళీ రానక్కర్లేదు," అంది చెల్లెలు.

మర్నాడు ప్రత్యేక భోజనాల పట్టీ వచ్చింది. ఉప్పు లేనిది ఒక్కటే, ముప్పై ఒకటో వరుసకి. పక్కన వాళ్ళక్క పేరు. చప్పిడమ్మ ఆ కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది.

"వారమంతా నా ఉప్పూకారం తింది. బీపీ ఉందని ఒక్క మాట చెప్పలేదు చూడు," అని సణిగింది.

"ఓ ముక్క రాసి రేకు మూత కింద పెట్టు. ఎవరు చూడొచ్చారు," అన్నాను.

"రూల్స్ ఒప్పుకోవు."

రూల్స్ కాదు, పంతం. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అన్నం, ఉడికించిన కూర సర్ది, మూత బిగించి పంపేసింది. నేనైనా రాసి పెట్టాల్సింది. ఆ సంగతి ఇప్పటికీ నన్ను పీకుతూనే ఉంది.

ఆ తర్వాత ఇద్దరూ ఫోన్లు చేసుకోలేదు. ఏడాదిన్నర తిరక్కుండానే అక్క పోయిందని కబురు వచ్చింది. పద్దెనిమిదేళ్ళు అడగని సెలవు అడిగిన పూటే దొరికింది. చప్పిడమ్మ మొదటిసారి ఆ విమానం ఎక్కింది. ఆ ట్రేలు మేం సర్దినవే.

తిరిగొచ్చిన రోజు ఏప్రాన్ కట్టుకుంటూ నాతో చెప్పింది.

"మొదటి భోజనం తిని, కునుకు తీసి లేచేసరికి రెండోది వచ్చిందే. ఇంతేనా దూరం?"

నేను ఆ రోజు పట్టీ తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"అక్క బీపీ గురించి అడిగాను. 'అమ్మకి బీపీ ఎక్కడిది పిన్నీ? ఉప్పు తగ్గితే కంచం ముందునుంచి లేచిపోయేది. నీ చేతి మీదుగా వస్తుందనే ఆ భోజనం కావాలని చెప్పింది' అంది అక్క కూతురు." ఏప్రాన్ ముడి బిగించుకుంది. "మూత తిరగేసి కూడా చూసిందట. ఏమీ లేదు కదా. అయినా మెతుకు మిగల్చకుండా తినేసిందట."