అందరి ముందు అడిగిన మాట

సింగపూర్‌లోని చాంగీ బిజినెస్ పార్క్‌లో నా ఉద్యోగం బ్రిటన్ పాత ఎన్నికల రికార్డుల్లో తప్పులు దిద్దడం. ఆ నెల నా బల్ల మీదున్నది ఒక అల్పాయుష్షు నియోజకవర్గం చరిత్ర. పుట్టింది, రెండే ఎన్నికలు చూసింది, పక్కదాంట్లో కలిపేస్తే పోయింది. బతికిన నాలుగు రోజులూ నెత్తురే.

రహస్య ఓటు ఇంకా రాని కాలమది. ఓటరు వేదికెక్కి, ఊరంతా వింటుండగా తనెవరి వైపో గట్టిగా చెప్పాలి. గుమాస్తా రాసుకుంటాడు. కింద కర్రలు పట్టుకున్నవాళ్లూ వింటారు. ఒక చెప్పులు కుట్టేవాడు చెప్పి మెట్లు దిగకముందే కాళ్లు పట్టి ఈడ్చారు, దవడ విరగ్గొట్టారు. దుకాణం అద్దాలు పగలగొట్టి ఆ ముక్కల మీదే దొర్లించారు. రెండో ఎన్నికలో అతను అవతలి పక్షం పేరు చెప్పాడు. పిరికిపంద అని తిట్టుకున్నాను. ఏసీ గదిలో కూర్చుని ఎవర్నయినా తిట్టొచ్చు.

మేముండేది టోవా పాయోలో. పక్క ఫ్లాట్ భార్యాభర్తలూ తెలుగువాళ్లే. గోడ అవతల గిన్నెలు ఎగిరేవి, ఏదో బరువైంది తలుపుకు కొట్టుకునేది. ఒక సాయంత్రం ఆ అమ్మాయి చెప్పుల్లేకుండా మా గుమ్మంలోకి వచ్చింది. కింది పెదవి చీలి, నైటీ ముందంతా రక్తం.

"కొడుతున్నాడు అన్నయ్యగారూ," అంది.

నా భార్య ఫోన్ తీసింది. "పోలీసులకి చెబుదాం."

నేను లాక్కున్నాను. "వాడి ఉద్యోగం మీదే కదే ఈ పిల్ల వీసా? వాడు జైలుకెళ్తే ఈమెను ఇండియాకు పంపేస్తారు. మనవాళ్లే కదా, కూర్చోబెట్టి మాట్లాడదాం." అది సగం నిజం. నలుగురిలో పెద్దమనిషి అనిపించుకోవాలన్న దురద నాకు చిన్నప్పట్నించీ ఉంది.

ఆదివారం పొద్దున్న ఇద్దర్నీ మా సోఫాలో పక్కపక్కనే కూర్చోబెట్టాను. కాఫీలిచ్చాం. "నిన్ను కొడుతున్నాడామ్మా? భయపడకు, నేనున్నాను, చెప్పు," అన్నాను. అతను వేలి ఉంగరం తిప్పుకుంటున్నాడు. ఆమె ఆ ఉంగరం వైపే చూస్తూ "కొడుతున్నాడు" అంది.

అతను ఏడ్చాడు. "ఏదో కోపంలో చెయ్యి లేచింది అన్నా, ఇంక లేవదు," అని ఒట్టేశాడు. నేను అంతటితో ఆగలేదు. "నువ్వూ కాస్త నోరు తగ్గించుకోమ్మా," అని ఆమెకూ ఓ సుద్ది చెప్పి పంపాను.

వాళ్ల తలుపు మూసుకున్న కాసేపటికే చప్పుళ్లు మొదలయ్యాయి. ఆమె అరుపు మధ్యలో తెగిపోయింది. నేను టీవీ శబ్దం పెంచాను. నా భార్య నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరవలేను.

రెండ్రోజుల తర్వాత లిఫ్ట్ దగ్గర కనబడింది, చేతికి కట్టుతో. పక్కనే అతను. ఏమైందమ్మా అని మళ్లీ అతని ముందే అడిగాను.

"బాత్రూంలో జారాను అన్నయ్యగారూ."

ఆఫీసులో చెప్పులు కుట్టేవాడి పేజీ మళ్లీ తెరిచాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నేనే. అతన్ని వేదికెక్కించిన పద్ధతిలోనే నేను ఆ పిల్లను సోఫాలో కూర్చోబెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ శనివారం మధ్యాహ్నం కారిడార్‌లో కేక. బయటికొస్తే, అతను ఆమె జుట్టు పట్టుకుని తలను వాళ్ల గుమ్మానికున్న ఇనుప గేటుకేసి కొడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. వెనక నుంచి మీద పడ్డాను. మోచేత్తో నా కళ్లద్దాలు పగలగొట్టాడు. ఒక గాజుముక్క కనుబొమలో దిగింది. అయినా వదల్లేదు, మెడ బిగించి కింద పడేశాను. ఇంకా బిగించాలనిపించింది, నిజం చెబుతున్నాను. నా భార్య అప్పటికే పోలీసులకు ఫోన్ చేసింది.

వాళ్లు వచ్చారు. ఒక మహిళా ఆఫీసర్ ఆమెను మా పడగ్గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. లోపల ఆమె ఏం చెప్పిందో మాలో ఎవరికీ వినబడలేదు.

తర్వాత ఆఫీసర్ కారిడార్‌లోకి వచ్చింది. అటూ ఇటూ పోలీసుల మధ్య అతను నిలబడి ఉన్నాడు.

"అన్నా, మనవాడివి. చూసి చెప్పు," అన్నాడు తెలుగులో.

"ఇంతకుముందు ఈ సంగతి ఆమె ఎవరికైనా చెప్పిందా?" అని ఆఫీసర్ నన్నడిగింది.

ఇరుగుపొరుగు తలుపులన్నీ తెరిచే ఉన్నాయి.

"చెప్పింది," అన్నాను అందరికీ వినబడేలా. "నాకే చెప్పింది. ఇతని పక్కన కూర్చోబెట్టి నేనే చెప్పించాను. చెప్పాక ఇతనితోనే పంపించాను."