గుండీ పరీక్ష

మా సీమలో మనిషిని "బాగుండావా?" అని అడగడమే దండగ. కాలు విరిగి మంచంలో ఉన్నా "బాగుండా" అనే అంటారు. పరాయివాళ్ల ముందు నొప్పి చెప్పుకోవడం మాకు నామోషీ. రాజంపేటలో పుట్టి పెరిగినదాన్ని, ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసి కూడా ఆ మాట నమ్మి, ఒక మనిషిని దెబ్బతిన్న చేత్తోనే మళ్లీ మిషన్ ముందు నిలబెట్టాను.

డోన్ దగ్గర ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు నావే. హాజరు, సెలవులు, తగాదాలు, అన్నిటికీ మించి దెబ్బలు. పనిలో ఎవరికి గాయమైనా ఆస్పత్రికి పంపడం, పరిహారం కాగితాలు నడపడం, నయమయ్యాక మళ్లీ పనిలో కుదర్చడం నేనే చూడాలి. నాకు ఓపిక తక్కువ. ఫైలు మూసి తాడు కడితే గానీ అన్నం సహించదు.

ఆ మనిషి మా కటింగ్ మిషన్ మేస్త్రీ. కోడుమూరు వైపు మెట్ట సేద్యం వదిలేసి వచ్చి, ఇరవై ఏళ్లుగా అదే మిషన్ దగ్గర ఉన్నాడు. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అనేదాన్ని. ఒకరోజు పొద్దున్నే పెద్ద బండ జారి ఆయన కుడిచేతి మీద పడింది. చూపుడువేలు, నడిమివేలు నుజ్జయ్యాయి. ఆపరేషన్ చేసి వేళ్లు నిలబెట్టారు. మూడు నెలలు ఇంట్లోనే ఉన్నాడు.

మళ్లీ పనికి పనికొస్తాడని డాక్టరు రాసివ్వాలి. ఆ రోజు నేనే వెంట వెళ్లాను.

"ఇప్పుడెట్లుందప్పా?" అన్నాడు డాక్టరు.

"బాగుండాది సార్."

"నొప్పి?"

"ఏం లేదు సార్."

పిడికిలి బిగించమంటే కుడిచేతిని ఎడమచేత్తో పొదివి పట్టుకుని బిగించినట్టే చూపించాడు. బయట వరండా నిండా జనం. డాక్టరు నా వైపు చూస్తే నేను గట్టిగా తల ఊపాను. పాత పనికే పనికొస్తాడని సర్టిఫికెట్ వచ్చేసింది. వేళ్లు శాశ్వతంగా చెడ్డాయని అడగాల్సిన పరిహారం సంగతి దాంతో మరుగున పడిపోయింది. నేను ఫైలుకు తాడు కట్టేసి హాయిగా ఇంటికి వెళ్లాను.

ఆయన పనిలో చేరిన వారానికి ఏదో సంతకం కోసం మధ్యాహ్నం షెడ్డు వైపు వెళ్లాను. అందరూ వేపచెట్టు కింద కూర్చుని తింటున్నారు. ఆయన అక్కడ లేడు. వెతికితే బండల దొంతి వెనక, గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. క్యారియర్ గిన్నె రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో సంగటి తుంచుకుని తింటున్నాడు. నా అడుగుల చప్పుడు వినగానే ఎడమచెయ్యి లుంగీలో దాచేసుకున్నాడు. ముద్ద గిన్నెలో పడిపోయింది.

"ఆ కుడిచేత్తో మిషన్ కింద బండ ఎట్ల పట్టుకుంటున్నావన్నా?" అన్నాను.

"మణికట్టుతో అదిమి పట్టుకుంటాండా మేడం."

తిరిగే బ్లేడుకు జానెడు దూరంలో, తడి బండను మణికట్టుతో! కోపం వచ్చేసింది. సగం ఆయన మీద, సగం నా మీద. ఎందుకు చెప్పలేదని అరిచాను.

ఆయన గోడ వైపే చూస్తూ అన్నాడు. "చెప్తే ఏం చేస్తారు మేడం? గేటు కాడ స్టూలేసి కూచోబెడ్తారు. వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు సలాము కొట్టుకుంటా కూచోవల్ల. ఇరవై ఏండ్లు బండ కోసినోన్ని. ఆ స్టూలు మీద నేను కూచోను."

మా ఫ్యాక్టరీలో తేలిక పని అంటే నిజంగానే ఆ స్టూలే. ఇదివరకు ఇద్దరిని నేనే అక్కడ కూర్చోబెట్టాను. ఏడాది తిరక్కుండా ఇద్దరూ మానేశారు. ఎందుకు మానేశారని ఒక్కసారీ అడగలేదు.

ఆ పూటే ఆయన్ని మిషన్ నుంచి తప్పించాను. మర్నాటి నుంచి ఆయన రాలేదు, ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు ఆయన భార్య నా ఆఫీసుకు వచ్చింది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీదనే పడ్తాది, అయినా చెప్తాండా మేడం. చెయ్యి ఇరిగినప్పటి నుంచి ఆయప్పకు సొక్కా గుండీలు నేనే పెడ్తాండా. ఎవురికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్యాడు."

మళ్లీ పరీక్ష చేయించాలని అర్జీ పెట్టాను. మొదటిసారి తప్పు నాదేనని రాసిచ్చాను. అలా రాయడం నాకు చేదుగానే ఉంది. పరీక్షకు ఆయన్ని భార్యే వెంటబెట్టుకొచ్చింది. ఆ రోజు డాక్టరుకు ముందే ఒక మాట చెప్పాను. "ఎట్లుందని అడగొద్దు సార్. గుండీలు తీసి మళ్లీ పెట్టుకోమనండి."

ఎడమచేత్తో గుండీలు తీశాడు. రెండు చేతులతో పెట్టుకోమన్నాడు డాక్టరు. మొదటి గుండీ జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. నుదురంతా చెమట. భార్య లేవబోతే నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. అంత పాపిష్టి పని నా ఉద్యోగంలో ఇంకోటి చెయ్యలేదు. చివరికి ఆయన చేతులు దించేశాడు.

"రాదు సార్," అన్నాడు మెల్లగా. "నొప్పి గూడా శానా ఉండాది."

కాగితం సరిగ్గా రాసిచ్చారు. పరిహారం దారిలో పడింది. ఇక మిగిలింది పని. మా యజమాని అనుకున్నట్టే స్టూలు మాట ఎత్తాడు. నేను ఒక్కరోజు గడువు అడిగాను.

బండలో కంటికి కనబడని నెర్రె ఉంటే కొట్టినప్పుడు శబ్దం మారుతుంది. ఆ చెవి మేస్త్రీకి ఉందని షెడ్డులో అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున యజమానిని షెడ్డుకు తీసుకెళ్లాను. మేస్త్రీ ఎడమచేతి వేలి కణుపుతో ఒక్కో బండా తట్టి, చెవి పెట్టి విని, మూడింటి మీద సుద్దతో గీతలు గీశాడు. అవి అందరూ బాగున్నాయని పక్కన పెట్టినవే. యజమాని నవ్వి, ఒకదాన్ని పాలిష్‌కు ఎక్కించమన్నాడు. సగం పాలిష్ కాకముందే అది గీత వెంబడి రెండు ముక్కలైంది. యజమాని మిగతా రెండూ తీసేయమని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఏ బండైనా మేస్త్రీ తట్టాకే మిషన్ ఎక్కుతుంది.

మొన్న చలికాలంలో ఒక పొద్దున గేటు దాటి వస్తూ, నోరు ఊరుకోక అడిగాను. "బాగుండావా అన్నా?"

"బాగలేదు మేడం," అన్నాడు. "సలికి చేతి ఏళ్లు గుంజుతాండాయి. ఒక గంట ఎండకు కూచుంటా."

సరే కూర్చోమన్నాను. ఆయన గేటు దగ్గరికి వెళ్లి, ఆ స్టూలు తనే ఎత్తుకొచ్చి ఎండలో వేసుకుని కూర్చున్నాడు.