నీ వల్ల కాదు

మా బావ షట్టర్ల మెకానిక్. బజారులో ఎవరి కొట్టు షట్టరు సగంలో బిగుసుకుపోయినా ఆయన్నే పిలవాలి. అయితే పిలవడానికో పద్ధతి ఉంది. "కాస్త వచ్చి చూడండి మేస్త్రీ" అని మర్యాదగా అడిగితే సాయంత్రానికి కూడా రాడు. "ఇది మీ వల్ల అయ్యేది కాదులెండి, ఇంకెవరినైనా చూసుకుంటాం" అనాలి. అంతే, తింటున్న కంచం వదిలేసి, స్పానర్లు సంచిలో పడేసుకుని, పిలిచినవాళ్లకంటే ముందే వాళ్ల కొట్టు దగ్గర ఉంటాడు.

ఈ కిటుకు కనిపెట్టింది మా అక్క. పెళ్లయిన కొత్తలో కుళాయి కారుతోందని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, చివరికి విసుగెత్తి "పోనీలెండి, మీ వల్ల కాదు" అందట. చేతిలో టీ చల్లారేలోపు కుళాయి బాగైంది. అప్పట్నుంచి ఆ ఇంట్లో గోడలకు రంగులు పడ్డా, పైకప్పు కారడం ఆగినా, ఆఖరికి బావ సిగరెట్లు మానినా అంతా ఆ ఒక్క మాట చలవే. మనిషిని నడిపించేవి కాళ్లనుకుంటాం. గాడిద గుడ్డు! మా బావను నడిపించేది రోషం.

అలాంటివాడు నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది. "ఇప్పుడు లేచి నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత మేం కూడా ఏం చెయ్యలేం" అని డాక్టరు కరాఖండిగా చెప్పేశాడు. బావ మాత్రం మంచం దిగనంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కదా, ఇప్పుడు తనకు ఒక్కటే కాలని ఖాయం చేసుకున్నాడు.

వ్యాయామాలు చేయించడానికి ఒకమ్మాయి వచ్చేది. బంగారంలాంటి పిల్ల. చిక్కంతా అక్కడే వచ్చింది. "సూపర్ అంకుల్! మీరు చెయ్యగలరు అంకుల్!" అని చప్పట్లు కొట్టేది. బావ నవ్వి, దిండు సర్దుకుని మళ్లీ పడుకునేవాడు.

"చెయ్యగలనని ఆ పిల్లే ఒప్పుకుంది కదరా, ఇంక చేసి చూపించడం దేనికి?" అన్నాడు నాతో.

నేనూ నా వంతు ప్రయత్నం చేశాను. నడుం మీద చేతులేసుకుని, "నీ వల్ల కాదులే బావా" అన్నాను.

"నీ మొహం! నీ గొంతులో జాలి వినిపిస్తోందిరా. జాలిపడి ఆ మాటంటే అది నిజమేనన్నట్టు" అన్నాడు బావ.

నిజంగానే నాకు జాలిగా ఉంది. అంతకంటే ఎక్కువ భయంగా ఉంది.

ఇక మిగిలింది అక్క. ఆయన పడిన దగ్గర్నుంచి ఆవిడ వెన్నపూస అయిపోయింది. "మీకెలా వీలైతే అలా చెయ్యండి, తొందరేం లేదు" అంటుంది. అక్క నోట అంత మెత్తటి మాట వినేసరికి బావకు గుండె జారింది. "డాక్టరు దీంతో విడిగా ఏమైనా చెప్పాడట్రా? నేను పోతున్నానా?" అని నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు.

ఒకరోజు ఆ అమ్మాయి కూడా చప్పట్లు కొట్టి కొట్టి అలిసిపోయి, "ఇంక నేను రావడం అనవసరమేమో ఆంటీ" అని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. వంటింట్లోకి వెళ్లి అక్కను నిలదీశాను.

"ఇన్నేళ్లూ ఆ మాట అనీ అనీ ఆయన ప్రాణం తోడేశావు. తీరా అవసరం పడ్డాక నోరు పడిపోయిందా? ఆ ఒక్క ముక్కా అనరాదూ?"

అక్క గరిటె గిన్నెలో పడేసింది. "ఆ మాట అనే కదరా ఆయన్ని పడేశాను! బజార్లో ఎవరిదో పెద్ద షట్టరు స్ప్రింగు సంగతి రేపు చూద్దాంలే అన్నారు ఆరోజు. నేనే ఊరుకోకుండా, 'మీ వల్ల కాదని చెప్పండి, సరిపోతుంది' అన్నాను. వెంటనే వెళ్లి నిచ్చెన ఎక్కారు. నా వల్లే పడ్డారు. మళ్లీ ఆ మాట ఏ నోటితో అనమంటావు?" అని భోరుమంది.

వంటింటికీ బావ మంచానికీ మధ్య ఒక్క గోడే అడ్డం. అవతలి నుంచి ఆయన గొంతు ఖంగుమంది.

"నీ వల్ల కాదు!"

అక్క ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో బావ ఆ మాటను ఆవిడ మీదికే తిప్పడం అదే మొదలు. కళ్లు తుడుచుకుని, గరిటె అందుకుని, విసురుగా ముందుగదిలోకి నడిచింది. వెనకాలే నేను.

"ఏంటండీ నా వల్ల కానిది?"

"నేను పడటం! నేను పడింది నీ వల్ల కాదంటున్నా, చెవిటిదానా. నిచ్చెన కాలికి రబ్బరు ఊడిపోయింది. చూశాను, చూసి కూడా ఎక్కాను. నా బుద్ధి గడ్డి తింది." బావ మెల్లగా మళ్లీ అన్నాడు. "నీ వల్ల కాదే."

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, దానికి ఇంకో అర్థం ఉందని మాత్రం నా మట్టిబుర్రకు ఎప్పుడూ తట్టలేదు.

చివరికి అక్క ముక్కు ఎగబీల్చుకుని, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "అయితే లేవండి చూద్దాం" అంది. "ఈ గుమ్మం దాకా రావడం మీ వల్ల కాదులెండి."

"ఎవడి వల్ల కాదు?" అంటూ బావ దుప్పటి తన్నేశాడు. వాకరు పట్టుకుని, డాక్టర్నీ నిచ్చెననీ నన్నూ వరసపెట్టి తిడుతూ, చెమటలు కక్కుతూ, అడుగులో అడుగు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. అక్క మొహంలో మొహం పెట్టి, రొప్పుతూ "చూశావా?" అన్నాడు.

అక్క ఆయన చొక్కా గుండీ సరిగ్గా పెట్టింది.

"ఆ, చూశాం లెండి. తిరిగి మంచం దాకా వెళ్లడం మాత్రం మీ వల్ల కాదు."