మునిరత్నం మామ మెచ్చుకోళ్లు

1984లో తిరువళ్లూరు నుంచి తిరుత్తణి శాఖా గ్రంథాలయానికి బదిలీ మీద వచ్చాను. ఉన్నది నేనొక్కడినే. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, సర్దడం, చిరిగినవి అతికించడం అన్నీ నా నెత్తినే. అందుకే రిటైరైన బడిపంతులు మునిరత్నం మామ, "ఇంట్లో సుమ్మా కూర్చోని ఏం చేసేది, నేనొస్తా నాయనా" అన్నప్పుడు ఎగిరి గంతేశాను. ఆయనే మా మొదటి వాలంటీరు.

ఆయన్ని కౌంటరులో కూర్చోబెట్టాను. అక్కడ చార్జింగ్ ట్రే ఉంటుంది. పుస్తకం ఇచ్చేటప్పుడు దాని కార్డు తీసి, పాఠకుడి పేరున్న చిన్న కవరులాంటి టికెట్టులో పెట్టి, ఆ ట్రేలో నిలబెడతాం. కౌంటరులో కూర్చున్నవాళ్లకు ఊళ్లో ఎవరేం చదువుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది. మామ మంచి మనిషి. ఆ మంచితనంతోనే కొంప ముంచాడు. ఎవరైనా మంచి పుస్తకం తీసుకుంటే, సాయంత్రం టీకొట్టు దగ్గర వాళ్ల ఇంటివాళ్లను పిలిచి మరీ ఆ సంగతి చెప్పి మెచ్చుకునేవాడు. నేతవాళ్ల వీధుల్లో అందరూ అన్నా, బావా అనుకునేవాళ్లే. ఇంక దాపరికం దేనికని ఆయన ఉద్దేశం.

ఒకరోజు మామ ఇంకా రాకముందే దశరథన్ అనే నేతగాడు కరెంటు వైరింగు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. వైర్‌మన్ పరీక్ష కోసం దాన్నే మళ్లీ మళ్లీ తీసుకెళ్లేవాడు.

"ఇంక వద్దయ్యా."

"ఏమైంది?"

"మామ టీకడ కాడ నన్ను పొగిడినాడంట. మాకు నూలిచ్చే షావుకారు చెవిలో పడినాది. మగ్గం ఇడిసిపెట్టి పోయేవాడికి నూలెందుకియ్యాల అంటా ఉండాడు. బొమ్మలు చూసేదానికి తెచ్చినానని తప్పించుకున్నా. పరీక్ష రాయకముందే నూలు ఆపేస్తే పిల్లోళ్లకు కూడెట్లయ్యా?"

నాకు ఒళ్లు మండిపోయింది. మామ రాగానే పట్టుకున్నాను.

"మంచే గదా చెప్పినా. దాంట్లో తప్పేముండాది?" అన్నాడు.

"సరే మామా. ఇవాళ నేనూ టీకొట్టుకొచ్చి మిమ్మల్ని మెచ్చుకుంటా. మూలశంక వైద్యం పుస్తకం మీరెంత శ్రద్ధగా చదువుతున్నారో అందరికీ చెబుతా."

మామ గతుక్కుమన్నాడు. "అంతపని చేయొద్దు నాయనా!" అని నా చెయ్యి పట్టుకున్నాడు. "పాపం, ఆ దశరథుడి నోటికాడ కూడు తీసేసేవాణ్ణే" అన్నాడు. నాకు కోపం దిగిపోయింది.

మర్నాటి నుంచి కౌంటరు, ట్రే నేనే చూసుకున్నాను. మామకైనా, తర్వాత వచ్చిన వాలంటీర్లకైనా అరలు సర్దడం, అట్టలు వేయడం మాత్రమే. ఇక్కడ చూసింది, పొగడ్త అయినా సరే, గడప దాటకూడదని చేరేముందే చెప్పేవాణ్ని. దశరథన్ పేపరు చదవడానికి వచ్చినప్పుడు జరిగింది చెప్పి, పుస్తకం మళ్లీ చేతిలో పెట్టాను.

కొన్నాళ్లకు షావుకారే లైబ్రరీకి వచ్చాడు. అరలు సర్దుతున్న మామ దగ్గరికి నేరుగా వెళ్లి, "మామా, మా దశరథుడు ఇంకా ఆ పుస్తకం తీసకపోతా ఉండాడా?" అని అడిగాడు.

"ఎవురేం సదివేదీ నేను చెప్పను. రేపు నీ గురించి ఎవురన్నా అడిగినా ఇదే మాట, పో!" అన్నాడు మామ, పుస్తకాలు సర్దడం ఆపకుండానే. నాకు ఈల వేయాలనిపించింది.

షావుకారు నూలు ఆపలేదు. దశరథన్ పరీక్ష పాసై మద్రాసు దగ్గర పట్టాభిరామ్‌లో ఒక వర్క్‌షాపులో చేరాడు. లడ్డూలు తెచ్చి, "ఇప్పుడు ఊరంతా చెప్పు మామా!" అన్నాడు. మామ ఊరంతా చెప్పాడు, తన మూలశంక కథతో సహా. ఆ ఇద్దరి పుస్తకాల సంగతి ఇక్కడ రాయగలిగానంటే అందుకే.

తర్వాత ఒక మధ్యాహ్నం, ఎవరూ లేని సమయం చూసుకుని షావుకారు మళ్లీ వచ్చాడు. "నిజంగానే ఎవురికీ చెప్పరు గదా?" అని గొంతు తగ్గించి ఒక పుస్తకం అడిగాడు. ఇచ్చాను. నోరు జారదన్న నమ్మకం ఉన్నచోటే మనిషి తనకు కావలసింది అడుగుతాడని నాకు నేర్పింది ఆ షావుకారే.

ఏ పుస్తకం అడిగాడంటారా? చెప్పను.