అలకనందలో వదిలిన షుగర్ గోలీలు

ఇష్టమైనదాన్ని దేవుడి పేరు మీద వదలమంటే కాకరకాయను వదిలేసి వచ్చింది మీరే కదా?

బుకాయించకండి. కాశీకి వెళ్లి మామిడిపండు వదిలినవాళ్లను నేనింతవరకు చూడలేదు. మా సిద్దిపేటలో మా వీధిలోనే ఒకాయన పొట్లకాయ వదిలాడు, వాళ్లావిడ ఆ పొట్లకాయ వండడం వదిలింది. మా అక్క వీళ్లందరినీ మించింది. ఆమె పనసపండు వదిలింది. ఆమె ఉండే నారాయణరావుపేటలో రోజూ పనసపండు కోసి పెట్టేదెవరు? ఈ ఆచారం మీద ముప్పై ఏళ్లు వేదికలెక్కి నిప్పులు చెరిగాను. వదిలేవాళ్లు వదులుతూనే ఉన్నారు, పోయింది నా గొంతు.

అలాంటి నేను పోయినేడాది అక్క వెంట హిమాలయాలకు వెళ్లాను. భక్తితో కాదు. ఆమె సంచి బరువు. గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తాలు, ఒక వంటమనిషితో సహా బయలుదేరిన యాత్ర బస్సు అది. డ్రైవరుది ప్రజ్ఞాపూర్, అందరం భాయ్ అనేవాళ్లం. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు కాబట్టి అక్కడి హిందీకి మా అందరి తరఫునా ఆయనే నోరు.

అలకనంద ఒడ్డున ఒక చిన్న ఊళ్లో బస్సు ఆగింది. నది మధ్యలో మూడు నల్లటి బండలున్నాయి. టీకొట్టు నడిపే ఆమె వాటి కథ చెబితే భాయ్ తెలుగు చేశాడు. పూర్వం ఆ ఊళ్లో ముగ్గురు తోడికోడళ్లట. పెద్దామె నదిలో మునిగి నెయ్యి వదిలింది, ఇంటికెళ్లి గరిటె నాకింది, రాయైపోయింది. రెండో ఆమె కోపం వదిలింది, ఇల్లు చేరకముందే అత్తను తిట్టింది, రాయైపోయింది.

“మరి మూడో ఆమె ఏం వదిలింది?” అన్నాను.

భాయ్ అడిగి, నాకు చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాడు. “ఏం ఇడువలేదంట సార్. ఒడ్డుకు కూసోని, వాళ్లిద్దరు మాట తప్పిన్రని ఊరంత చెప్పుకుంట తిరిగి, ఆమె గూడ రాయైందంట.”

అక్క నావైపు చూసింది. నేను టీ గ్లాసులోకి చూశాను.

ఆ పొద్దున అక్క నదిలో మూడు మునకలు వేసి, వణుకుతూ ఒడ్డెక్కి ప్రకటించింది. “షుగర్ గోలీలు ఇడిసిపెట్టిన.”

“అక్కా, గోలీలు ఇడుసుడేందే?”

“పదేండ్లసంది దినాం రెండు పూటల మింగుతున్న. గంతకంటె దగ్గరిది నాకింకేమున్నదిరా?”

గోలీల డబ్బా తీసి, ఎవరైనా లేనివాళ్లకు ఇవ్వమని భాయ్ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఎవరికీ ఇవ్వకుండా బస్సులో స్టీరింగు దగ్గర దాచాడు.

నేను మొదలుపెట్టాను. ఆ బండలు ఏ వరదకో కొండ మీది నుంచి దొర్లి వచ్చాయని, నీళ్లు వాటిని అరగదీశాయని, మనుషులు రాళ్లు కావడానికి ఎక్కడా ఆధారం లేదని అరగంట చెప్పాను. అక్క శ్రద్ధగా విన్నది.

“మరి గా నడిమిదానికి ముక్కెందుకున్నది?”

నిజాయితీగా చెప్పాలి. ముక్కు ఉంది.

ఆ మధ్యాహ్నమే కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోయింది. మేం ఇవతల, దవాఖాన అవతల. రెండో రోజుకు అక్క సీసా వెంట సీసా నీళ్లు తాగుతోంది. దాహం తీరడం లేదు. మూడో రోజు నది ఒడ్డునున్న గుడి మెట్లు నాలుగెక్కి, కళ్లు తిరుగుతున్నాయని అక్కడే కూర్చుండిపోయింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. భాయ్ దాచిన డబ్బాలోంచి గోలీ తీసి చేతిలో పెడితే తల పక్కకు తిప్పుకుంది. “రాయిని జేస్తవారా నన్ను?”

భాయ్‌ని వెంటబెట్టుకుని పూజారి దగ్గరికి పరుగెత్తాను. వాదనలో ఒక పూజారి సాయం కోరడం నా జీవితంలో అదే మొదలు. “వదలాల్సింది ఇష్టమైనదాన్ని కదా? ఇష్టం లేనిదాన్ని వదిలితే అది చెల్లుతుందా?” అని అడిగాను. భాయ్ దాన్ని నేను చెప్పినదానికి మూడింతలు చేసి, నాలుగుసార్లు దండం కలిపి అనువదించాడు.

పూజారి వచ్చి అక్క పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఆ గోలీ అంటే నీకు ఇష్టమేనా అని భాయ్ చేత అడిగించాడు.

ఎదురుగా మూడు బండలు. అక్క అబద్ధం ఆడలేకపోయింది. “ఇష్టమేంది పంతులూ, పాడు చేదు.”

అయితే గంగమ్మ దాన్ని తీసుకోలేదు, తిరిగి పట్టుకెళ్లు అన్నాడాయన. మరి నీకు బాగా ఇష్టమైనదేమిటి అని కూడా అడిగాడు. అక్క గొంతు తగ్గించింది. “చాయ్ల చక్కెర,” అన్నది, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. అయితే అదే వదులు అన్నాడాయన.

ముప్పై ఏళ్ల నా ఉపన్యాసాలు సాధించలేనిది ఆ పూజారి రెండు ప్రశ్నల్లో సాధించాడు. నేను గోలీ తీశాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు గూడ ఏదన్న ఇడువాలె.”

“నాకు నమ్మకం లేదు గదనే.”

“నీకు లేకుంటేంది? గోలి మింగేది నేను. నువ్వు గా మూడోదాని లెక్క ఒడ్డుకు కూసుంటవా?”

భాయ్ మెల్లగా అందుకున్నాడు. “వాదన ఇడువుండ్రి సార్. బస్సుల అందరం దువా చేస్తం.”

మోకాలి లోతు మంచునీళ్లలో నిలబడి, పళ్లు టకటకలాడుతుండగా, అక్కతో వాదించడం వదిలేశాను. మునగలేదు. ఆ మాత్రం సిద్ధాంతం నిలబెట్టుకున్నాను. ఒడ్డు మీద అక్క గోలీ మింగింది. చక్కెర లేని టీ ఒక గుక్క తాగి, విషం పోసింది నేనే అన్నట్టు చూసింది.

మర్నాడు రోడ్డు తెరుచుకుంది. దవాఖానలో డాక్టరు అక్కను చూసి, ఇంకొక్క రోజు ఆగి ఉంటే కష్టమయ్యేదని నన్ను తిట్టాడు. నేను చీటీ పట్టుకుని మందుల కొట్టుకు నడిచాను.

దీన్ని నా ఓటమి అనుకుంటే అనుకోండి. కానీ యాత్ర నుంచి వచ్చిన మీ అమ్మో, అత్తో, బాపో ఇంట్లో ఉంటే ఈ పుస్తకం మూసి లేవండి. గోలీల డబ్బా తెరవండి. అది నిండుగా ఉంటే ఏ నదిలో వదిలారో నెమ్మదిగా అడగండి. రాళ్ల సంగతి రేపు తేల్చుకోవచ్చు. డాక్టరు రాసిన గోలీని ఈ పూటే, మీ కళ్లముందే మింగించండి.