గురప్ప బిగించిన గేరు కడ్డీ

గురప్ప పశువులు కాసే ఇంట పుట్టి ఇనుము మీద మనసు పడ్డ మనిషి. యుద్ధకాలంలో నాలుగేళ్ళు మిలిటరీ వర్క్‌షాపులో మోటారు సైకిళ్ళు విప్పి బిగించి, నలభై ఆరులో నల్లంపల్లికి తిరిగొచ్చాడు. చేతిలో విద్య ఉంది, షెడ్డు పెట్టుకోను జానెడు చోటు లేదు. ఎండలో గోనెపట్టా పరుచుకుని సైకిళ్ళకు పంక్చర్లు వేసుకునేవాడు. "తెల్లోడి దండుకు పోయి గాలి కొట్టేది నేర్చుకోనొచ్చినాడు" అని ఊరు నవ్వేది. నవ్వడానికి ఊరికి ఎప్పుడూ తీరికే.

అంతలో పెద్ద రైతు అంజనప్ప బెంగుళూరు వేలంలో ఒక మిలిటరీ మోటారు సైకిల్ కొనుక్కొచ్చాడు. ముందు చక్రం సొట్ట, ఇంజను మాత్రం బంగారం. ఆయనకు కారు మోజు.

"దీన్ని కారు చేసి ఇయ్యి గురప్పా. నడిచిందంటే మెయిన్ రోడ్డు పక్కన షెడ్డుకు చోటు ఇస్తాను. నువ్వుండే దాకా నీదే" అన్నాడు.

ఆ మాటతో గురప్ప ఆకలి మరిచిపోయాడు. అంజనప్ప కళ్ళంలోనే మూడు నెలలు పని చేశాడు. ఇనుప చట్రం కట్టాడు, టేకు పలకతో సీటు వేశాడు, ఇంజనును సీటు వెనక కూర్చోబెట్టాడు. చిక్కంతా గేరు దగ్గర వచ్చింది. మోటారు సైకిల్‌కు గేరు కాలితో వేస్తారు. ఇక్కడ కాలు ముందుంది, ఇంజను వెనకుంది. అందుకని సీటు పక్కన కీలు మీద ఒక చేతి కడ్డీ నిలబెట్టి, దాని అడుగు కొసనుంచి పలక కిందుగా ఇంజను దాకా ఇంకో కడ్డీ లాగాడు. చేతి కడ్డీని వెనక్కి లాగితే గేరు ఎక్కుతుంది, ముందుకు నెట్టితే దిగుతుంది. గేర్లు టకటకా పడుతుంటే గురప్ప తన చేతులను తానే మెచ్చుకున్నాడు.

మరునాడు సంగటి తెచ్చిన పెళ్ళాం పాపక్క సీటెక్కి కూర్చుంది. అతను దండులో ఉన్న నాలుగేళ్ళూ ధర్మపురి సంతకు ఎద్దుల బండి తోలి సంసారం లాగింది ఆమే.

"ఇది ఈడ్చితే ఏమవుతుంది మామా?"

"వేగం వస్తుంది."

"తాడు ఈడ్చితే ఎద్దు నిలుస్తుంది. ఇది ఈడ్చితే పరిగెత్తుతుందా? తోలేది అంజనప్పన్న కదా, పుట్టినప్పట్నించి ఎద్దులు తోలిన చెయ్యి. బెదురు పుడితే ఈడ్చనే ఈడుస్తాడు."

మాట సూటిగా తగిలింది. లాగుడూ నెట్టుడూ తారుమారు చేయడం పూటపని: ఇంజనుకు పోయే కడ్డీని కీలుకు కింద కాక పైన తగిలిస్తే చాలు. కానీ దానికి రంగు వేసిన టేకు పలకను కోయాలి. అంతకన్నా, బండి తోలే ఆడది చెప్పిందని మిలిటరీ మెకానిక్కు తన పని తానే విప్పాలి. అది గురప్ప వల్ల కాలేదు.

"దిగుమే. ఎద్దుకూ ఇంజనుకూ ముడి పెట్టొద్దు" అన్నాడు.

శుక్రవారం పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు నలిపి, అంజనప్ప బండి తీశాడు. గురప్ప పక్కన కూర్చున్నాడు. ఊరంతా వెంట పరిగెత్తింది. తొప్పూరు వైపు పల్లంలో ఆవుల మంద అడ్డం వచ్చింది. అంజనప్ప "హో! హో!" అంటూ బ్రేకు మరిచి కడ్డీని రెండు చేతులా వెనక్కి ఈడ్చాడు. పల్లంలో గేరు ఎక్కితే ఇంజను పట్టు వదులుతుంది, బండి ఉరికింది. "నెట్టన్నా, ముందుకు నెట్టు!" అని గురప్ప అరిచేలోగా రోడ్డు పక్క మోరీ గోడకు గుద్దుకుంది. ఆవులు బతికాయి. అంజనప్ప చెయ్యి విరిగింది.

ఇంటికి మోసుకొచ్చాక ఆయన తల్లి పిల్లమ్మ నెత్తి కొట్టుకుంది. "పూజ కాకముందే ఆ పాపక్క ఎక్కి కూర్చునింది. నా కళ్ళారా చూసినాను. ఇంక బాగుపడుతుందా?"

అంజనప్ప గురప్ప వైపు చూశాడు. తప్పుగా ఈడ్చానని ఆయన ఒప్పుకోడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయనకూ ఒక మద్దెల కావాలి. కడ్డీ తప్పు నాదని గురప్ప ఒక్క మాట అంటే చాలు. అంటే, రోడ్డు పక్కన చోటు పోతుంది. గురప్ప తల వంచుకున్నాడు.

"నీ పనిలో కొరత లేదులే" అన్నాడు అంజనప్ప ఊపిరి పీల్చుకుని. మగవాళ్ళిద్దరి పరువూ నిలిచింది, ఒక ఆడదాని నెత్తిన. థూ!

షెడ్డు లేచింది, లారీలు ఆగడం మొదలైంది. పాపక్కను మాత్రం ఊళ్ళో విత్తనం వేసేనాడు ఎవరూ పిలవలేదు. కొత్త బండి కొన్నవాడు ఆమె ఎదురొస్తే ఎద్దులను పక్క సందులోకి మళ్ళించేవాడు. అక్క కూతురి పెళ్ళిలో ఆమె ముట్టిన పసుపు పళ్ళెం మార్చారు. ఆమె ఇంటికి వచ్చి పొయ్యి అంటించింది.

ఆ పూట గురప్ప పక్కన చతికిలబడి చెప్పాడు. "తప్పు నాదేమే. నువ్వు చెప్పిందే నిజం."

పాపక్క సంగటి కెలుకుతూనే ఉంది. "నాకు తెలీదా మామా? నాకెందుకు చెప్తావు? ఊళ్ళో చెప్పు."

గురప్ప లేచి షెడ్డుకు బయలుదేరాడు. షెడ్డుకు ఊరి నడుమనుంచే పోవాలి. ఎదురైన ప్రతివాడూ పలకరించాడు. అందరినీ పలకరించి, ఎవరికీ ఏమీ చెప్పకుండా పోయి షెడ్డు తెరిచాడు.